పురిటి మైల ఎవ్వరిది?

బిడ్డ పుట్టిన ఇంట పదిదినములు మైల యనుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. వీరశైవము దీనిని అంగీకరింపదు. జాతి, జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట సూతకములు ఐదును లింగధారికి లేవని శరణుల నిర్ణయము. సిద్ధాంతమింత స్పష్టముగా నుండగా, లింగధారుల ఇండ్లలో సయితము బాలింతరాలు గాలి చొరని మూలగదిలో ఒకరును తాకక పడియుండిన కాలము మరి దూరపుది కాదు. ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో యను సంకోచము సిద్ధాంతమును గెలిచినది.

ఆ ఆచారములో మేలును కలదని పెద్దలందురు. ప్రసవించిన స్త్రీకి పొయ్యి ముట్టు పని తప్పును, పదిమంది దగ్గరకు రాకుండుటచే రోగములు సోకవు. ఈ మాట కొట్టివేయదగినది కాదు. కాని విశ్రాంతి వేరు, వెలి వేరు. విశ్రమించువానికి పరిచర్య చేయుదురు. మైలపడినవానికి దూరముగా నుందురు. తల్లికి రక్తస్రావము ఎక్కువైనపుడు కనిపెట్టవలసినది దగ్గరనున్న కన్నే. బిడ్డకు తల్లి రొమ్ము వెచ్చదనము, తొలి గడియలోనే ముర్రుపాలు కావలెను. ఆ పాలను చెడుపాలని పిండి పారబోయుట ఈ మైలభావన పెట్టిన శాఖయే.

మైల నిజముగా ఎచ్చటనున్నదో 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో తేలినది. అచ్చట రెండు ప్రసూతిశాలలుండెను. మంత్రసానులు చూచు శాలలో కంటె వైద్యులు, విద్యార్థులు చూచు శాలలో సూతికాజ్వరముతో చనిపోవు తల్లులు ఎక్కువ. ఆ ఏప్రిల్ నెలలో నూటికి పదునెనిమిదిమంది మరణించిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు ప్రసూతిశాలకు వచ్చుచున్నారని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపునీటితో చేతులు కడుగుకొనవలెనని కట్టడి చేసెను. ఆ వేసవిలోనే మరణములు నూటికి రెంటికి అటునిటు దిగినవి. మైల ప్రసవించిన స్త్రీది కాదు, ఆమెను తాకిన చేతిది. పండితులైన తోటి వైద్యులు మాత్రము దీనిని చాలకాలము ఒప్పుకొనలేదు. తమ చేయి అశుచి యని ఎవరికి రుచించును?

నేడు స్థితి మారినది. భారతదేశమున లక్ష సజీవ జననములకు 1997-98లో 398గా నుండిన తల్లుల మరణములు 2018-20 నాటికి 97కు, ఆంధ్రప్రదేశములో 45కు తగ్గినవి. ఈ రాష్ట్రమున వేయిమంది శిశువులలో ఏడాది నిండకమునుపు మరణించినవారు 2020లో 24 మంది. నల్లమల అంచున, ఓంకార క్షేత్రము చెంతనున్న బండి ఆత్మకూరు పల్లెలకు 108 వాహనము వచ్చును. నంద్యాలలో 2023లో వైద్య కళాశాలయు వెలసినది. అయినను గుర్రపువాతము వచ్చిన గర్భిణిని "తెల్లవారనిమ్ము" అని ఇంటనుంచినచో కళాశాల ఏమి చేయగలదు? ఆ రాత్రి నిర్ణయము ఇంటి పెద్దలది. తెల్లవారిన పిమ్మట దానికి "విధి" యని పేరు పెట్టుదురు. కాయకమును బోధించిన మతములో చేయవలసినది చేయకుండుటకు విధి చాటు కానేరదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ రాష్ట్రపు గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. ఉచ్ఛిష్ట సూతకము లేదనుటకు అర్థము, అందరును తినగా మిగిలినది కోడలికి పెట్టుట కాదు గదా!

బసవపురాణములోని బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదని వగచి, ఆయననే బిడ్డగా సాకినది. నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టినది. ఒకనాడు బిడ్డ పాలు ముట్టకపోగా, ప్రాణములు విడువబూనినంతగా తల్లడిల్లినది. దేవుడే కదా, ఏమగునని ఊరకుండలేదు. పసికందు పాలు మానుట ప్రమాదసూచన యని నేటి వైద్యులును చెప్పుదురు.

ఆ సూచనలను చూచుటకే ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చును. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను మూడవనాడు, ఏడవనాడు, ఆ తరువాత నలువదిరెండవ దినము వరకు మరి నాలుగు పర్యాయములు చూడవలెనని నియమము. తొలి రెండును పురుడు తీరకమునుపటివే. ఆమె చేతులు సబ్బుతో కడుగుకొని, బిడ్డను తూచి, ఒడలి వేడిని చూచి, పాలు త్రాగుచున్నాడా యని అడుగును. ఆ గది వాకిట విభూతి ధరించిన అవ్వ కూర్చుండియుండును. లోనికి రమ్మనవలసినది ఆమెయే.