నడచువాని భారమెవ్వరిది?

హేమంత శిశిరములు మన దక్షిణాపథమున కాలినడకకు మిక్కిలి అనుకూలమైన ఋతువులు. వాగులు తగ్గును, బాటలు ఆరును, ఎండ బాధింపదు. పది పదిహేను దినముల సెలవు దొరకినపుడు పల్లెలవెంట నడచుచు నాడు చూచిరావలెనను కోరిక పుట్టుట సహజము, శ్లాఘ్యము. అయితే అట్టి విహారమునకు ముందుగా చేసికొను ఏర్పాటులలో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. తాను కోరి తెచ్చుకొన్న శ్రమలో ఎంత తాను భరింపవలెను? ఎంత పరులపై నుంచవచ్చును?

మన పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. వర్షకాలమున చాతుర్మాస్యమని ఒక్కచోట నిలిచిన సన్న్యాసి తక్కిన కాలమున సంచరించును. గ్రామమున ఒక రాత్రి, పట్టణమున ఐదు రాత్రులు అని అతని నివాసమునకు మితి ఏర్పరచిరి. అతని భిక్షకు మాధుకరమని పేరు. తుమ్మెద పెక్కు పువ్వులనుండి కొంచెము కొంచెముగా తేనె గొనును. ఏ పువ్వును వాడనీయదు. ఈ నియమములు సన్న్యాసి వైరాగ్యమునకే కాక, గృహస్థుని గాదెకును రక్షణమైనవి.

గృహస్థుల యాత్ర వేరు. మదరాసు సుప్రీంకోర్టున దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. మజిలీల మధ్య దూరమెంత, నీటి వసతి యెట్టిది, ఏ ఊర అంగళ్లు కలవు అని వారు వ్రాసిపెట్టిన తీరు నేటికిని బాటసారికి పాఠము. కాని వారిది బోయీలు మోసిన సవారి. యజమాని యాత్రాఫలముతోపాటు బోయీ భుజముపై కాయయు ఆ మార్గముననే ఏర్పడినది. అది ఆనాటి ఆచారము. ఆచారమని తెలిసినంత మాత్రమున ప్రశ్న తీరదు.

పల్లకి దిగి నడచిన మాత్రమునను అది తీరదనుటకు దండియాత్రయే నిదర్శనము. 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేరిన గాంధీమహాత్ముడు సుమారు 385 కిలోమీటర్లు నడచి ఏప్రిల్ 6న ఉప్పు తీసెను. ఆతిథ్యము నిరాడంబరముగా నుండవలెనని గ్రామములకు ముందే తెలిపియుండిరి. అయినను రాత్రివేళ బరువైన కిట్సన్ దీపమును ఒక కూలివాడు నెత్తిన మోసెను. పాలు సూరతునుండి మోటారులో వచ్చెను. మార్చి 29న భట్‌గాము సభలో గాంధీజీ తన్నును తన అనుచరులను బహిరంగముగా మందలించుకొనెను. కాళ్లు తమవే, వెలుగు మాత్రము వేరొకని తలపై నడచుచున్నది. ఎంతటి సదుద్దేశమైనను ఆ బరువును తేలిక చేయజాలదు.

కొందరు ఇట్లనవచ్చును: "అతిథి వచ్చుట గృహస్థునకు పుణ్యము. ఎవరి సాయమును వలదని సర్వమును మూటగట్టుకొని పోవుట అహంకారము కాదా?" ఈ మాటలో సత్యమున్నది. ఎవరితోను అవసరము లేకుండ నడచినవాడు పల్లెలను దాటును గాని పల్లెవారిని చూడడు. కాని లభించినదానిని స్వీకరించుట వేరు. లభించునని లెక్కవేసికొనుట వేరు. పెట్టిన అన్నమును ఆనందముతో తినవచ్చును. ఎవరో పెట్టుదురను నమ్మకముతో బియ్యము కొనకుండుట తగదు. మొదటిది ఆతిథ్యము, రెండవది చెప్పక విధించిన పన్ను.

శీతకాలమున ఈ భేదమును మరింత గుర్తింపవలెను. మన సెలవు రైతుకు పనికాలము. కోతలు, కుప్పలు, నూర్పిళ్లతో ఇంటిల్లిపాది కళ్లమున నుండగా, మధ్యాహ్నము వాకిట నిలిచిన నలుగురు అతిథులు ఆ యింటి ఇల్లాలికి రెండవ వంట. చలిరాత్రి కప్పుకొన తనకు రగ్గు లేనివాడు మరియొకరి రగ్గును పుచ్చుకొనును; ఆ యింట వేరొకటి ఉండకపోవచ్చును. డిసెంబరు చివర చెన్నై, బెంగుళూరు ప్రాంతములలో పగలు పదకొండు గంటలకు కొంచెము మించును. ఒడిశాలో ఇంకను తక్కువ. కావున దినమునకు ఇరువది కిలోమీటర్లకు మించక, పొద్దుండగనే బస చేరునట్లు ఏర్పాటు చేసికొనుట మేలు. చీకటిపడిన పిదప తలుపు తట్టుట మన ఆలస్యమును ఇతరులచే మోయించుటయే. తమిళనాటి తీరమున ఈశాన్య ఋతుపవనపు వానలు డిసెంబరులోను పడుచుండును. అచట సంక్రాంతి పిదప బయలుదేరుట ఉత్తమము. రగ్గు, దీపము, పళ్లెము, నాలుగు పూటల సంబారము మన వీపుననే యుండవలెను. రోడ్డుపై ఆరబోసిన ధాన్యమును తొక్కక చుట్టు తిరిగి పోవలెను.

పరభాషాప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఈ విషయము మరింత సన్నిహితము. విజయనగర, నాయకరాజుల కాలములలో మన పూర్వులలో పెక్కుమంది దక్షిణమునకు తరలివచ్చిరి. వారు మన భాష రానివారి వాకిళ్లలోనే దాహము తీర్చుకొనియుందురు. అట్టి సంతతి నేడు కన్నడసీమనో, మరాఠాసీమనో నడచునపుడు అచటి భాషలో దారి అడుగుట, అచటివారి పనివేళల నెరిగి మెలగుట పాతబాకీలో కొంత తీర్చుటయే.

యాత్రకు ముందు పటము పరచి ఊళ్లను, దూరములను గుర్తించుకొందుము. ఆ కాగితముననే మరియొక వరుస వ్రాసికొనవలెను: ఈ సౌకర్యము ఎవరి చేతిపని, ఎవరి నిద్ర, ఎవరి భుజబలము? ఆ వరుస ఎంత చిన్నదైన, మన నడక అంత పెద్దది.