కోపం కన్నా ముందు కారణం

కొత్త అద్దె ఇంట్లోకి మారి వారం కాలేదు. మా కుక్క గుమ్మం దగ్గర, సోఫా కాలి దగ్గర, బియ్యం డబ్బా పక్కన కాలెత్తి కొంచెం కొంచెంగా మూత్రం పోయడం మొదలుపెట్టింది. పాత ఇంట్లో ఐదేళ్లలో ఒక్కసారీ అలా చెయ్యలేదు. ఇంటి యజమాని చూసి, "కుక్కనైనా వదిలేయండి, ఇల్లైనా ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఆ మాట పడ్డ కోపంలో చెప్పు తీసి కుక్కను కొట్టాను. మర్నాడు నన్ను చూడగానే అది మంచం కిందికి దూరి, భయంతో అక్కడే తడిపేసింది. ఒక సమస్య రెండయింది. దూరంగా ఎక్కడైనా వదిలేసి వద్దామా అనే మాట కూడా ఇంట్లో వచ్చింది.

ఇందులో తప్పు ఎవరిది?

బుద్ధుడు కమ్మ అంటే చేతన అని చెప్పాడు. చేతన అంటే సంకల్పం. ఆ కుక్కకు నా మీద పగ తీర్చుకోవాలనే సంకల్పం ఉందా? లేదు. దానికి లోకం ముక్కుతోనే తెలుస్తుంది. కొత్త ఇంట్లో అన్నీ పరాయి వాసనలే. ముందున్నవాళ్లు పెంచిన జంతువు వాసన కూడా ఉండొచ్చు. తన వాసన నాలుగు చోట్ల పెట్టుకుంటేనే దానికి కాస్త నిబ్బరం. మనం మాత్రం ఏం చేస్తున్నాం? ఇల్లు మారగానే తలుపుకి పేరు బోర్డు కొట్టుకుంటాం. దాని పనిలో ద్వేషం లేదు. చెప్పెత్తిన నా చేతిలో ఉంది. అకుశల కమ్మ నాదే.

అలాగని ఇల్లంతా పాడవుతున్నా ఊరుకోవడం కరుణ కాదు. దుక్ఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుక్ఖం పోతుంది, అందుకు మార్గం ఉంది. నాలుగు ఆర్య సత్యాలు ధ్యానానికి కూర్చున్నప్పుడే కాదు, నేల తుడిచేటప్పుడూ పనికొస్తాయి.

మొదట పశువైద్యుడికి చూపించాలి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం ఉన్నా కుక్క ఇంట్లో పోస్తుంది. రోగానికి శిక్ష వేస్తామా? కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని ఆయన అందులో చెప్పుకున్నాడు. రోగం లేదని తేలితే, మగకుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి కూడా వైద్యుణ్ణి అడగాలి. చాలా కుక్కల్లో దానితో ఈ అలవాటు తగ్గుతుంది.

తర్వాత వాసన పోగొట్టాలి. ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది గానీ కుక్క ముక్కును కాదు. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణంతో కడగాలి. అమ్మోనియా ఉన్నవి వాడకూడదు, మూత్రంలోనూ ఆ వాసనే ఉంటుంది. కొన్నాళ్లు కుక్కను కళ్లముందే ఉంచుకోవాలి. పొద్దున లేవగానే, తిన్నాక, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లాలి. బయట పోసిన వెంటనే మెచ్చుకుని ఏదైనా తినడానికి పెట్టాలి. ఇంట్లో కాలెత్తబోతే అరవకుండా పిలిచి బయటికి నడిపించాలి. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మనమంటే భయం మాత్రం మిగులుతుంది.

ఇక వదిలేయడం సంగతి. మన చేతి ముద్ద తిని పెరిగిన ప్రాణిని రోడ్డు మీద, బళ్ల మధ్య, పరాయి కుక్కల మధ్య వదిలితే అది ఎన్నాళ్లు బతుకుతుంది? మనం చంపలేదు కదా అని మొదటి శీలం ముందు తప్పించుకోగలమా? ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం లేకపోయినా శీలం ఉంది.

నేను యజమాని దగ్గరికి వెళ్లి నెల గడువు అడిగాను. పాడైన గోడలకు నేనే రంగు వేయిస్తానన్నాను. ఒప్పుకున్నాడు. నాలుగో వారానికి కుక్క చాలావరకు మానింది. నన్ను చూసి మంచం కిందికి దూరడం మానడానికి మాత్రం ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. గోడ మీద మరక కడిగితే పోయింది. దాని మనసులో నేను వేసిన మరక పోవడానికి మైత్రితో రోజూ ఓపిక పట్టాల్సి వచ్చింది.

ఇప్పటికీ ఎప్పుడైనా గుమ్మం దగ్గర కాలెత్తబోతుంది. అప్పుడు నా చెయ్యి చెప్పు కోసం వెతకదు, దాని గొలుసు కోసం వెతుకుతుంది.