తలుపు తట్టిన మేల్కొలుపు

ధనుర్మాసమునందు తిరుమల శ్రీవారి ఆలయమున సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠింపబడునని భక్తులెల్లరకును తెలిసినదే. తక్కిన దినములలో ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామివారి శ్లోకములును, ఈ నెలలో గోదాదేవి పాశురములును స్వామిని మేల్కొల్పును. కర్ణాటక సరిహద్దున నున్న రొళ్ల వంటి ఊళ్లలోను ఈ నెల తెల్లవారుజామున ఆ పాశురములు వినవచ్చును. కాని నేడు పెక్కు ఇండ్లలో అవి వినవచ్చుట మనుష్య కంఠమునుండి కాదు, సెల్‌ఫోనునుండి.

దీనికి నొసలు చిట్లించు పెద్దలు కలరు. వారు కొంచెము వెనుకకు చూడవలెను. 1963లో శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గళమున సుప్రభాతము రికార్డుగా వెలువడినది. గ్రామఫోను పోయి టేపురికార్డరు వచ్చినది, అదియు పోయి అరచేతి ఫోను వచ్చినది. సంస్కృతమున అక్షరము నేర్వనివారి నోటికిని ఆ శ్లోకములు పట్టుబడినవి. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ 2008లో ఆరంభమైన పిదప, మంచము దిగలేని వృద్ధులు సైతము కొండమీది కల్యాణోత్సవమును ఇంటినుండి సేవించుచున్నారు. ఈ మేలును కాదనుట కృతఘ్నత. తెల్లవారకమునుపే గోపురముపై మైకు పెట్టి, చెవులు గింగురుమనునట్లు మ్రోగించుట మాత్రము వేరు మాట. దానిని మేల్కొలుపు అనుటకు మనసొప్పదు.

రొళ్లలో ఒక అవ్వ కలదు. భర్త గతించెను, కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. ప్రక్క ఇంట ఆమె యీడుదే మరియొక వృద్ధురాలు ఒంటరిగా నుండును. వారిద్దరిది వదినె వరుస. ధనుర్మాసము వచ్చినదనగా ముందు లేచినవారు రెండవవారి తలుపు తట్టి "వదినా, లేచినావా?" అని పిలుచుట వారికి నలువది యేండ్ల అలవాటు. ఆపైన వాకిట ముగ్గు, స్నానము, ఇద్దరును కూడి గుడికి పోవుట, పొంగలి ప్రసాదము చేత పట్టుకొని వచ్చుట.

ఒక యేడు కుమారుడు తల్లికొక ఫోనును, ప్రక్క ఇంటి ఆమెకొక ఫోనును తెచ్చియిచ్చెను. "అమ్మా, చలిలో చీకట్లో వాకిలి దాటి పోవద్దు. నాలుగున్నరకు తిరుప్పావై దానంతటదే పలుకుతుంది" అనెను. అవ్వ మొదటి దినము మురిసిపోయినది. రెండవ దినము మాత్రము "గొంతు బాగుంది గాని నాయనా, నేను లేచినానో లేదో ఇది అడగదే!" అన్నది. కుమారుడు నవ్వి ఊరకుండెను. చలి నిజముగనే ఎక్కువగా నుండెను గావున అవ్వయు ప్రక్క వాకిటికి పోవుట మానుకొన్నది.

ఒక తెల్లవారుజామున గోడకావల పాశురములు మ్రోగుచునేయున్నవి. వదినె లేచినదని తలచి అవ్వ ఒంటిగా గుడికి పోయినది. తిరిగివచ్చుసరికి ప్రొద్దు పొడిచినది. ప్రక్క వాకిట ముగ్గు లేదు. తలుపు త్రోసి చూడగా ఆమె రాత్రినుండి చలిజ్వరముతో లేవలేక పడియున్నది. ఫోను తలాపుననే ముప్పది పాశురములును పాడి, ఊరకున్నది. వైద్యుని పిలిపించిరి; నాలుగు దినములకు ఆమె కోలుకొన్నది.

చూడవచ్చిన ఇరుగుపొరుగువారు ఫోనును తిట్టిరి. అవ్వ వారిని వారించినది. "దాని తప్పేముంది? పలకమంటే పలికింది. తలుపు తట్టనిది నేను. తప్పు నాదే."

అవ్వ ఎరిగి పలికినదో ఎరుగక పలికినదో గాని, ఈ మాట గోదాదేవి పాశురములలోనిదే. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురమువరకు ఆండాళ్ తల్లి పదిమంది గోపికలను మేల్కొల్పును. గోకులమున సద్దునకు కొదువ లేదు. ఆరవ పాశురమున పక్షులు కూసినవి, కోవెల శంఖము మ్రోగినది. ఏడవదానిలో భరద్వాజపక్షులు మాటలాడుకొనుచున్నవి, ఆభరణములు గలగలలాడ గొల్లెతలు పెరుగు చిలుకుచున్నారు. (ఆ కవ్వపు సద్దు నేడు రొళ్లలోను అరుదు; తెల్లవారినంతనే వినబడునది మిక్సీ.) ఇన్ని ధ్వనులుండగా శంఖము మ్రోగినది చాలును, లేచువారు లేతురని ఆమె పోవచ్చును గదా! పోలేదు. ప్రతి వాకిటను నిలిచినది. తొమ్మిదవ పాశురమున మామకూతురా యని పిలిచి, బదులు రాకున్న లోపలి అత్తను అడిగినది: నీ కూతురు మూగయా, చెవిటిదా, సోమరియా? వదినె వరుస వారిని పిలుచుటకు ఇంతకంటె చనువైన తీరు లేదు.

ఇక పదునైదవది. దానిని తిరుప్పావైకెల్ల సారమని పెద్దలు చెప్పుదురు. వాకిటివారును లోపలి గోపికయు మాటకు మాట చెప్పుకొందురు. అంత గట్టిగా పిలువకుడు, వచ్చుచున్నాననును లోపలిది. నీవు మాటకారివి, ముందే ఎరుగుదుమందురు వెలుపలివారు. మీరే నేర్పరులు, పోనిండు, తప్పు నాదే కానిండనును ఆమె. తనది కాని దోషమును సైతము తనపై వేసికొనుట భాగవతులకు శేషభూతుడైన వైష్ణవుని లక్షణమని పూర్వాచార్యుల వ్యాఖ్య. పిమ్మట ఆమె, అందరును వచ్చిరా యని అడుగును. వచ్చినారు, వచ్చి లెక్కించుకొమ్మందురు. ఈ లెక్క ఫోను చేయజాలదు. ముప్పది పాశురములను స్వరము తప్పక పాడును గాని, విన్నవారెందరో, రానివారెవరో దానికి తెలియదు.

సుప్రభాతమున మొదటి శ్లోకము వాల్మీకి బాలకాండములోనిది. యాగరక్షణకు తోడుకొనిపోవుచున్న బాలకుని విశ్వామిత్రుడు సరయూ తీరమున వేకువను లేపిన మాట అది. పర్ణశయ్యపై నిదురించు రాముని చెంత నిలిచి ఆ మహర్షి పిలిచెను.

అవ్వ తన ఫోనును తీసివేయలేదు. నేడును నాలుగున్నరకు రెండిండ్లలోను తిరుప్పావై మ్రోగును. మొదటి పాశురము ముగియకమునుపే అవ్వ శాలువ కప్పుకొని, టార్చిలైటు వేసికొని ప్రక్క వాకిటికి పోయి తలుపు తట్టును. "వస్తున్నా వదినా, ఊరంతా లేచేట్టు అరవొద్దు" అని లోపలినుండి బదులు వచ్చినదాక అచ్చటనే నిలిచియుండును.