పుట్టగానే పరిమళించని పువ్వు

నాలుగో తరగతి సీటు కోసం వచ్చిన పిల్లలను వరుసలో నిలబెడతారు. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు. ముప్ఫై మీటర్లు ఉరికిస్తారు. నిలబడ్డ చోటి నుంచి ఎంత దూరం దూకుతారో చూస్తారు. మెడిసిన్ బాల్ విసరమంటారు. 800 మీటర్ల పరుగు కూడా ఉంటుంది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో ప్రవేశం కోసం మండలంలో మొదలై, జిల్లా దాటి, రాష్ట్ర స్థాయి దాకా సాగే వడపోత ఇది. ఊళ్లో "పోరి మస్తు ఉరుకుతది" అనుకున్న మాట ఇక్కడికొచ్చేసరికి సెకన్లు, సెంటీమీటర్లు అయిపోతుంది.

ఈ కొలతలు వద్దని నేను అనను. అవీ లేకపోతే ఉట్నూరు వైపు గూడెం పిల్లకూ, సిరిసిల్లలో సాంచల చప్పుడు మధ్య పెరిగే పిల్లకూ ఎవరి సిఫారసో తప్ప దిక్కుండదు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో నిండిన ఒంటిని కొలిచినప్పుడు మనం చదువుతున్నది దేన్ని? ఆ పిల్లలో ఉన్నదాన్నా, ఇప్పటిదాకా ఆ పిల్లకు అందినదాన్నా? కంచంలోకి వచ్చిన పప్పు కూడా ఆ దూకులో ఉంటుంది కదా.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. గెలిచినవాళ్ల చిన్నతనం గురించి రాయాల్సి వస్తే మన చేతికి ముందు తగిలేది ఇదే. సానియా మీర్జా గురించీ ఎన్నోసార్లు ఇలాగే రాశాం. ఆమె తొలి అడుగులు దగ్గరగా చూస్తే మాత్రం సామెత కాస్త తడబడుతుంది. ఆరేళ్ల వయసులో తల్లి టెన్నిస్ నేర్పించడానికి తీసుకెళ్తే, మరీ చిన్నపిల్ల అని కోచ్ మొదట వద్దన్నాడు. నెల గడిచాక ఆయనే తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లను చూడలేదన్నాడు. సానియానే చెప్పిన ముచ్చట ఇది.

ఆ నెల దగ్గర నేను ఆగిపోతాను. మొదటి రోజు ఆ కోచ్ కంటికి ఆనని పరిమళం ముప్ఫై రోజులకు ఎక్కడి నుంచి వచ్చింది? పిల్ల మారిందా, చూపు మారిందా? బహుశా రెండూ. వద్దన్న తర్వాత కూడా రాకెట్ పట్టనిచ్చిన మైదానం ఉంది. తీసుకెళ్లి, తీసుకొచ్చే తల్లి ఉంది. క్రికెట్ ఆడిన, క్రీడల గురించి రాసిన తండ్రి ఇమ్రాన్ మీర్జా ఉన్నాడు. వాళ్ల వల్లే సానియా సానియా అయిందనడం ఆమె చెమటను చిన్నబుచ్చడమే. వాళ్లు లేకపోయినా అయ్యేదనడం మిగతా పిల్లలకు అబద్ధం చెప్పడమే.

టెన్నిస్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. పరుగుకు మట్టిదారి చాలు. కబడ్డీకి బరి గీసుకుంటే చాలు. టెన్నిస్‌కు కోర్టు కావాలి, నేర్పేవాళ్లు కావాలి, తెగిన తీగలు మళ్లీ బిగించాలి, దీటుగా ఆడే జోడు దొరకాలి. మన జిల్లా కేంద్రాల్లో టెన్నిస్ అనగానే గుర్తొచ్చేది ఆఫీసర్స్ క్లబ్బు గోడే. పైగా ర్యాంకు ఇంటికి నడిచి రాదు. పాయింట్లు టోర్నీల్లో ఉంటాయి, టోర్నీలు ఊళ్లు, దేశాలు దాటి ఉంటాయి. రైలు, విమానం, బస, తోడు వచ్చే పెద్దమనిషి ఖర్చు, అన్నీ గెలుపుకంటే ముందే చెల్లించాలి. ఎదుగుతున్న క్రీడాకారిణి అన్న మాట వెనుక ఎవరిదో పొదుపు కరుగుతూ ఉంటుంది.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కాంస్యం. 2003లో రష్యాకు చెందిన అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్. 2005 ఫిబ్రవరిలో సొంత హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్. ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. అప్పటికామెకు పద్దెనిమిదేళ్లు.

పద్దెనిమిదేళ్ల పిల్లను దేశం ఏమడిగింది? బంతిని అంత బలంగా ఎలా కొడుతున్నావని అడిగినవాళ్లున్నారు. స్కర్టు పొడవు గురించి గొడవ చేసినవాళ్లూ ఉన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2014లో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌గా నియమిస్తే, నువ్వు ఈ నేల బిడ్డవేనా అన్న ప్రశ్న కూడా వచ్చింది. పతకం తెస్తే మన పిల్ల, మనకు నచ్చని పని చేస్తే పరాయి పిల్ల. మనం ప్రేమించింది ఆ మనిషినా, ఆ మనిషి మోసుకొచ్చే మన పేరునా?

ఇంకో మలుపు కూడా సామెతకు లొంగదు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా ఎదిగిన చేతిని మణికట్టు గాయాలు లాగేశాయి. 2008లో శస్త్రచికిత్స. అందరూ ఎదురుచూసిన శిఖరం సింగిల్స్‌లో రాలేదు. 2015 ఏప్రిల్‌లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయింది, డబుల్స్‌లో, మార్టినా హింగిస్ పక్కన నిలబడి. చిన్నప్పుడు చూసి మనం చెప్పిన జోస్యం తప్పింది. మనిషి మాత్రం తప్పిపోలేదు. మొగ్గను చూసి ఏ పువ్వో చెప్పగలిగినా, ఏ కొమ్మకు పూస్తుందో చెప్పలేమన్నమాట.

మా ఉత్తర తెలంగాణలోనే నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌ను చూడండి. 2011లో అంతాల్యాలో చిన్న వయసు విభాగంలో ప్రపంచ విజేత. 2022లో ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ విజేత. మధ్యలో పదకొండేళ్లు, ఒక భుజం గాయం. ఆ పదకొండేళ్లలో ఏ సాయంత్రమో ఆమె ఆట మానేసి ఉంటే మనమేమనేవాళ్లం? "మొదట్లో బాగానే ఆడింది, తర్వాత ఏమైందో" అనేవాళ్లం. అదే చెమట, అదే పిడికిలి. చివరి పేజీ మారితే చాలు, మొదటి పేజీకి మనం పెట్టే పేరే మారిపోతుంది. అంటే పరిమళం మనకు ముందుగా తెలిసింది కాదు. గెలిచాక వెనక్కి తిరిగి పట్టిన వాసన అది.

మరి చివరి పేజీ దాకా రానివాళ్లు? ఏ ఆటలోనైనా వాళ్లే ఎక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంకో సామెతను అడ్డం పెట్టి, బాల్యాన్నంతా రేపటికి కుదువ పెట్టిస్తాం. రేపు రాకపోతే ఆ బాల్యాన్ని ఎవరు విడిపించాలి? పతకం రాని పిల్ల ఆడిన ఆట వృథా అయిందంటే, ఆడుతున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు ఎవరిది? నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం తోస్తుంది. కొలవడంలో మనకున్న శ్రద్ధ ఆ నెల రోజులు ఇవ్వడంలో లేదు. వద్దన్న తర్వాత కూడా ఆడనిచ్చే నెల. అది పుణ్యం కొద్దీ కొందరికి దొరికేది కాకుండా, గూడెంలోనూ వాడలోనూ అందరికీ దక్కాల్సినది కదా.

ఎంపికల మైదానంలో 800 మీటర్లు ముగిసే చోటికి మళ్లీ వద్దాం. గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కుతారు, కాగితం మీద అంకె పడుతుంది. పిల్ల మాత్రం వెంటనే ఆగలేదు. కాళ్ల వేగం తగ్గేదాకా ఇంకో నాలుగడుగులు అలా ఉరుకుతూనే పోతుంది. అవి ఏ లెక్కలోకీ రావు. ఎవరైనా ఆ నాలుగడుగులు చూస్తున్నారా అన్నదే నా ప్రశ్న.