రక్తము చిందిన తరువాత కట్టిన ఆలయము

ఒక మనుష్యుడు తన శత్రువును చంపి, ఆ తరువాత దేవునికి ఆలయము కట్టినయెడల, ఆ కట్టడము దేవుని యెదుట ఏమని యెంచబడును? ఇది పండితులకు మాత్రమే తగిన ప్రశ్న అనుకొనవద్దు. దీనికి మన గుంటూరు సీమలోనే ఒక ఊరు సాక్షిగా నున్నది.

అమరావతి ప్రాంతమున నరుకుళ్లపాడు అను గ్రామము కలదు. ఆ పేరు ఎట్లు వచ్చెనో పెద్దలు చెప్పగా మీలో అనేకులు వినియుందురు. పద్దెనిమిదవ శతాబ్దపు చివర ఆ సీమ నేలిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, చెంచులు దోపిళ్లు చేయుచున్నారని ఆగ్రహించి, వారిని విందుకు పిలిపించి, వచ్చినవారి తలలు నరికించెనట. ఎందరు చనిపోయిరో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పుదురు. తరువాత ఆయనకు అన్నము సహింపలేదనియు, విస్తరిలోని మెతుకులు పురుగులుగా కనబడెననియు, ఆ బాధతోనే అమరావతి చేరి అమరేశ్వరుని ఆలయమును బాగుచేయించెననియు చెప్పుదురు. ఆ పట్టణము కట్టుటకే ఆయన మనుష్యులు దీపాలదిన్నెను త్రవ్వి బౌద్ధుల స్తూపపు రాళ్లను పట్టుకొనిపోయిరి గాని, అది వేరొక కథ.

ఇట్టిదే మరియొక విందు దక్షిణాఫ్రికాలోని నేటాలులో జరిగెను. నేటాలు మనకు తెలియని దేశము కాదు. 1860 మొదలు 1911 వరకు మద్రాసు రేవునుండి మన తెలుగువారు వేలకొలది అక్కడి తోటలకు కూలికి పోయిరి. వారి మధ్య సేవ చేయుటకు తెలుగు బాప్తిస్టు సంఘముల పక్షముగా జాన్ రంగయ్యగారు 1903లో అక్కడికి చేరిరి. వారందరు అడుగుపెట్టిన ఆ నేల అంతకు పూర్వమే రక్తముతో తడిసియుండెను.

బోయరు అనగా డచ్చి భాషలో రైతు. ఈ తెల్లరైతులు కేపు ప్రాంతమున ఇంగ్లీషువారి పాలన సహింపక, బానిసలకు విడుదల కలిగెనని కూడ కోపించి, ఎడ్లబండ్లు కట్టుకొని క్రొత్త భూములకై బయలుదేరిరి. నేటాలు సీమ అప్పుడు జూలూ రాజగు డింగానె చేతిలో నుండెను. అతడు 1828లో తన సవతి అన్నయగు షాకాను చంపి రాజైనవాడు. బోయర్ల నాయకుడు పీట్ రెటీఫ్ భూమి అడుగగా, ఫలానా దొర తోలుకొనిపోయిన పశువులను తెచ్చి యిమ్మనెను. రెటీఫ్ తెచ్చెను. 1838 ఫిబ్రవరిలో రాజు దానపత్రముమీద నిశాని వేసెను. అయితే జూలూలలో భూమి ప్రజలందరిది. రాజు దానిని అనుభవించుటకు ఇచ్చునే గాని, శాశ్వతముగా అమ్ముకొను ఆచారము లేదు. ఆ నిశానికి ఇరుపక్షములవారు ఒకే అర్థము చెప్పుకొనియుందురా? వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్న కుటుంబము లేని ఊరు మన మెట్టసీమలో అరుదు గనుక, మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఫిబ్రవరి 6న వీడ్కోలు విందనియు, తుపాకులు బయట పెట్టి రావలెననియు చెప్పి, రెటీఫును అతని వెంటనున్న సుమారు నూరుమందిని పట్టి, గుట్టమీదికి ఈడ్చి గుదియలతో కొట్టి చంపిరి. కొన్ని దినములకే బోయర్ల బండ్ల విడుదులమీద పడి స్త్రీలను పిల్లలను, వారి నల్లజాతి పనివారిని కూడ వందలకొలది చంపిరి. ఆ డిసెంబరులో ప్రిటోరియస్ నాయకత్వమున కూడిన బోయర్లు, దేవుడు జయమిచ్చినయెడల ఆ దినమును పరిశుద్ధముగా ఆచరించి ఆయనకు ఒక మందిరము కట్టుదుమని మ్రొక్కుకొనిరి. 16వ తేదీన ఎన్‌కోమె నదియొద్ద బండ్లను కోటగా నిలిపి, తుపాకులతోను ఫిరంగులతోను పోరాడిరి. జూలూలు సుమారు 3,000 మంది పడిరి. బోయర్లలో గాయపడినవారు ముగ్గురు. ఆ నదికి రక్తనది అని పేరు కలిగెను. మ్రొక్కుబడి ప్రకారము పీటర్‌మారిట్స్‌బర్గులో 1841 నాటికి మందిరము లేచెను.

ఇప్పుడు రెండు కట్టడములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. ఒకటి అన్నము మింగుడుపడనివాడు చేసినది. రెండవది సుఖముగా నిద్రించినవారు కట్టినది. నా మట్టుకు మొదటిదే సత్యమునకు దగ్గరగా నున్నదని తోచుచున్నది. నాయుడుగారు తాను చేసినది హత్య అని ఎరిగెను. డింగానె ద్రోహము నిజమే. అయినను ఆ ద్రోహమువలన బోయర్ల భూమి ఆశ పవిత్రమైపోవునా? గెలిచితిమి గనుక దేవుడు మా పక్షమనుట లెక్క తప్పు. తుపాకి ఎదుట ఈటె నిలువకపోవుట దేవుని తీర్పు కాదు.

అయినను నాయుడుగారి పశ్చాత్తాపములోను ఒక కొరత కలదు. ఆలయమునకు సొమ్ము వచ్చెను. చెంచు విధవరాండ్రకు ఏమి వచ్చెనో ఆ కథ చెప్పదు. దావీదు దేవునికి ప్రియుడైనను, విస్తారముగా రక్తము చిందించినందున మందిరము కట్టనీయబడలేదని దినవృత్తాంతములలో చదువుచున్నాము. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానిని దేవాలయపు పెట్టెలో వేసెదననలేదు. ఎవరియొద్ద తీసికొనెనో వారికే నాలుగంతలు చెల్లింతుననెను.

బోయర్లు మ్రొక్కుకొన్న డిసెంబరు 16ను దక్షిణాఫ్రికా 1995 నుండి సమాధాన దినముగా ఆచరించుచున్నది. 1998లో నదికి అవతలి గట్టున జూలూలకు స్మారకము వెలసెను. రెండు గట్లను కలుపు వంతెనను 2014లో ప్రారంభించిరి.

మన సంఘములలో హద్దు తగాదా గెలిచినవాడు మిరప అమ్మిన సొమ్ముతో కృతజ్ఞతార్పణ తెచ్చుట కలదు. ఓడినవాడును అదే మందిరములో, రెండు చాపల అవతల కూర్చుండును. బలిపీఠమునొద్ద కానుక విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమను మాట అప్పుడు ఎవరు చదువుదురు? సంఘపెద్దలు ఆ కానుకను వెంటనే పుచ్చుకొనక, గెలిచినవానిని ఓడినవాని ఇంటికి పంపవలెను. అతడు తలుపు తీయకపోవచ్చును. అప్పుడు ఇద్దరు పెద్దలు వెంట వెళ్లవలెను. కల్లములు ఎత్తకమునుపే వెళ్లుట మంచిది, ఏలయనగా పొలము పోయినవారు ఆ తరువాత ఊరు విడిచి కూలికి పోవుదురు.