తాతయ్య విప్పి కట్టిన ముడులు



ఈ వారం వీడియోలో అరణ్యకాండలోని పంచవటి ఘట్టం విన్నారు కదా. లక్ష్మణస్వామి పర్ణశాల కట్టే చోటికి వచ్చేసరికి నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. వీడియోలో ఆ ముచ్చట చెప్పడానికి సమయం సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను పండితుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి. పెద్దల దగ్గర విన్నదీ, చదువుకున్నదీ, మా ఇంట్లో జరిగిందీ కలిపి చెబుతున్నాను. తప్పులుంటే మన్నించండి.

నాకప్పుడు 8 ఏళ్లు. అమ్మ పురిటికి పుట్టింటికి వస్తే నన్నూ వెంట తీసుకొచ్చింది. కొవ్వూరుకి దగ్గర్లో, గోదావరి గట్టు పక్కన మా అమ్మమ్మగారి ఊరు. మార్గశిర మాసం. పొద్దున్నే ఎదురుగా మనిషి కనపడనంత మంచు. కార్తీకంలో పట్టిన ముసురుకి పెరట్లో పాత పశువుల పాక కూలిపోయింది. ఆవేమో నిండు చూడితో ఉంది. అది ఈనేలోపు, ధనుర్మాసం పెట్టకముందే కొత్త పాక లేవాలని తాతయ్య పట్టుదల.

గాలికి పడిపోయిన తాటిచెట్టు మాను ఒకటి ఉంటే దాన్ని చీల్పించి నిట్రాళ్లకీ దూలానికీ వాడారు. పైన వెదురు వాసాలు, వాటి మీద తాటాకు. మేకులు చాలా తక్కువ, అన్నీ కట్లే. ఆ కట్లకి కావలసిన తాటి నార ముందే నీళ్లలో నానాలి, లేకపోతే విరిగిపోతుంది. ఆ నానబెట్టే పని నాకు అప్పజెప్పారు. తెల్లవారుజామున తొట్టిలో చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమనేది. చలిమంట దగ్గర చేతులు కాచుకుని మళ్లీ పరిగెత్తేవాణ్ణి.

రెండో రోజు తాతయ్య నన్ను పిలిచి, "ఇదిగో అబ్బాయ్, ఈ వరస నువ్వు కట్టు" అన్నారు. నా వెనకాల నిలబడి, నా రెండు చేతులూ ఆయన చేతుల్లోకి తీసుకుని, నార ఎలా తిప్పాలో, ఎక్కడ బిగించాలో చూపించారు. ఆ తర్వాత వారం రోజులు నాకు అందే ఎత్తులో ఉన్న ముడులన్నీ నేనే కట్టాను. పాక లేచింది. ఆవు ఈనింది. ఆ నెలలోనే మా చెల్లి పుట్టింది. "మా తాతయ్యా నేనూ కలిసి పాక కట్టాం" అని ఇరవై ఏళ్లుగా కాలేజీలోనూ, హాస్టల్లోనూ, ఆఫీసులోనూ కనపడినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.

నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా తాతయ్య వెళ్లిపోయారు.

కిందటేడు ఆఫీసులో ఒక సంగతి జరిగింది. మూడు నెలలు కష్టపడి రాసిన కోడ్‌ని మా సీనియర్ చూసి, సగానికి పైగా మార్చి రాశారు. నా పేరు అలాగే ఉంచారు. కానీ నా మనసు విరిగిపోయింది. నేను చేసింది ఏమీ లేనప్పుడు నేనెందుకు ఇక్కడ అనిపించింది. ఆ ఉక్రోషం పూజ దాకా వచ్చింది. ఇన్నేళ్లుగా దీపం పెడుతున్నాను, నామం చెబుతున్నాను, ఆ భగవంతుడికి ఇవేమైనా అవసరమా, నేను మానేస్తే ఆయనకి ఏం తక్కువ అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కొన్ని నెలలు దేవుడి గదిలోకి వెళ్లలేదు.

ఆ సెలవులకి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ దగ్గర నా బాధంతా వెళ్లగక్కాను. అమ్మమ్మ నవ్వింది. "నువ్వు కట్టిన పాక ముడులు ఉండేవి చూశావూ, రోజూ రాత్రి నువ్వు పడుకున్నాక మీ తాతయ్య అవన్నీ విప్పి మళ్లీ కట్టేవారు. లాంతరు పట్టుకోవడం నా పని" అంది.

నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పాలంటే చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చినంత పనైంది. "అయితే నేను కట్టింది ఏమీ లేదా అమ్మమ్మా?" అన్నాను.

"ఎందుకు లేదు? గుమ్మం పక్కన మూడు ముడులు ముట్టుకోలేదు. అక్కడ బరువు పడదుట. పొద్దున్న లేవగానే వాడు వచ్చి చూసుకుంటాడే, వాటిని ఉండనీ అన్నారు."

అవును, నిజమే. రోజూ నిద్ర లేవగానే నేను పరిగెత్తేది ఆ గుమ్మం దగ్గరికే.

ఇప్పుడు పంచవటికి రండి. అగస్త్య మహర్షి చెప్పిన మాట మీద సీతారామలక్ష్మణులు పంచవటికి వచ్చారు. ఆశ్రమానికి మంచి చోటు చూడమన్నాడు రాముడు. లక్ష్మణుడికి చూడడం రాకనా? చిత్రకూటంలో గట్టి దారువులు తెచ్చి పర్ణశాల కట్టింది ఆయనే కదా! అయినా ఇక్కడ చేతులు జోడించి, నువ్వుండగా నాకు స్వతంత్రం లేదు, నువ్వే చోటు చూపించి కట్టమని ఆజ్ఞాపించు అన్నాడు. అప్పుడు రాముడు తన చేత్తో తమ్ముడి చేతులు పట్టుకుని, ఇదిగో ఇక్కడ అని చూపించాడని వాల్మీకి మహర్షి చెప్పారు. ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లో చదివాను, పట్టించుకోలేదు. అమ్మమ్మ చెప్పింది విన్నాక మళ్లీ చదివితే, నా చేతుల మీద తాతయ్య చేతులు ఉన్నట్టే అనిపించింది.

లక్ష్మణుడు మట్టి పోసి గట్టి చేశాడు. స్తంభాలు నిలబెట్టాడు. పొడవైన వెదుళ్లు వేసి, జమ్మి కొమ్మలు పరిచి, తాళ్లతో బిగించి, దర్భ, రెల్లు, ఆకులు కప్పాడు. గోదావరిలో స్నానం చేసి, తామరపూలు తెచ్చి, పుష్పబలీ శాంతీ జరిపి, అప్పుడు అన్నగారికి చూపించాడు. రాముడు ఏమిచ్చాడు? రాజ్యం లేదు, సొమ్ము లేదు. గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇంత పని చేసినందుకు నేనివ్వగలిగింది ఈ కౌగిలే అన్నాడు. నువ్వుండగా మన నాన్నగారు పోయినట్టు లేదయ్యా అన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రాముడు ఎవరు? అన్ని లోకాలకీ ఆశ్రయమైనవాడు. ఆయనకి ఆకుల కప్పు అవసరమా? కాదు. కానీ లక్ష్మణుడికి కట్టాలని ఉంది. అందుకే చోటు చూపించి, కట్టనిచ్చి, కట్టినదాంట్లో కాపురమున్నాడు. సేవ అంటే మనం ఆయనకి తీర్చే అవసరం కాదు, ఆయన మన చేతికిచ్చే చనువు. తాతయ్య ఒక్కరే కట్టుకుంటే మూడు రోజులు ముందే పాక పూర్తయ్యేది. నన్ను కలుపుకున్నందుకు ఆయనకి పని రెట్టింపైంది, రాత్రి నిద్ర కూడా పోయింది. అయినా కలుపుకున్నారు. మనం చేసే పూజ కూడా అంతే. మంత్రంలో తప్పులు, మధ్యలో ఫోను మీదకి మనసు. ఆ వదులు ముడులన్నీ మనం పడుకున్నాక ఆయన బిగిస్తూనే ఉంటాడు.

అలాగని వదులుగా కడితే చాలు అనుకోకూడదు. లక్ష్మణుడి కట్లు దృఢమైనవని వాల్మీకి ప్రత్యేకంగా చెప్పారు. మనమూ నేర్చుకుంటూ పోవాలి. మనం కట్టినదాన్ని పెద్దలు విప్పి మళ్లీ కడితే చిన్నబుచ్చుకోకూడదు. సెలవు అయ్యాక నేను ఆఫీసుకి వెళ్లి, మా సీనియర్ మార్చింది మొదటిసారి శ్రద్ధగా, లైను లైనూ చదివాను. మార్చకపోతే ఎక్కడ కూలేదో తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టాను.

ఇంకొక్క మాట. పర్ణశాలలో ఉండగా హేమంతం వచ్చింది. తెల్లవారుజామున గోదావరి స్నానానికి వెళ్తూ లక్ష్మణుడు ఆ చలిని వర్ణిస్తాడు. వర్ణిస్తూ వర్ణిస్తూ, ఈ చలిలో నేల మీద పడుకుని, తెల్లవారకుండానే సరయూ నదిలో మునుగుతున్న భరతుణ్ణి తలుచుకుంటాడు. రాముడు చెయ్యి పట్టుకుని కట్టించిన ఇంట్లో ఉన్నవాడికి, బయట చలిలో ఉన్నవాడు గుర్తొస్తాడు. మన సేవ సరిగ్గా సాగుతోందా లేదా అని చూసుకోవడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

ఇప్పుడు మార్గశిరం నడుస్తోంది. మాసాల్లో మార్గశీర్షం నేనే అని గీత 10వ అధ్యాయంలో స్వామి చెప్పిన నెల. ఈ నెలలో మీ ఇంట్లో పిల్లలుంటే ఒక చిన్న పని చెయ్యండి. పూజకి టైమైపోతోందని వాళ్లని పక్కకి జరపకండి. పూలు వాళ్ల చేత పెట్టించండి. వంకరగా పెడతారు, పెట్టనివ్వండి. వత్తి వాళ్ల చేత వేయించండి. తర్వాత మీరు సర్దుకోవచ్చు, కానీ ఒక్క పువ్వు మాత్రం వాళ్లు పెట్టినచోటే వదిలేయండి. పొద్దున్న లేచి చూసుకుంటారు.

అందరికీ శ్రీరామరక్ష.