పలకరించగలిగినంత మందినే పిలుచుకో బిడ్డా

కొత్త ఇల్లు కట్టుకున్నావు, సంతోషం బిడ్డా. ఈశాన్యం మూల చూసి దేవునర్ర కట్టించావు, ఇంకా సంతోషం. మా కాలంలో గోడలో ఒక గూడు ఉంటే అదే గుడి. పసుపు రాసి, బొట్లు పెట్టి, మైసమ్మ పేరు తలుచుకుని దీపం పెట్టేవాళ్ళం. నీకు పాలరాతి అర్ర, గంటల తలుపులు, లోపల రంగు లైట్లు. బాగుంది, ఎందుకు బాగుండదు? కానీ ఆ అర్రలో ఎంతమంది దేవుళ్ళున్నారో ఎప్పుడైనా లెక్కపెట్టావా? గృహప్రవేశానికి చుట్టాలు తెచ్చిన వినాయకులే ఐదారుగురుంటారు. తిరుపతి పోతే ఒక పటం, శిరిడీ పోతే ఒక పటం, యాదగిరిగుట్టకు పోతే ఇంకొకటి. బంగారం కొట్టువాడిచ్చిన పోయినేడాది క్యాలెండరు కూడా లక్ష్మీదేవి ఉందని గోడ దిగలేదు.

నిన్ను తిట్టడం లేదు. భక్తితోనే తెచ్చావు. తొందరపడ్డావు, అంతే. చుట్టాన్ని ఇంటికి పిలిస్తే కాళ్ళకు నీళ్ళివ్వాలి, రెండు మాటలు మాట్లాడాలి, ఇంత అన్నం పెట్టాలి. పిలిచి, మూల కూర్చోబెట్టి, మన పని మనం చూసుకుంటే అదేం మర్యాద? దేవుడి విషయంలోనూ పెద్దలు చెప్పింది ఇదే. పలకరించగలిగినంత మందినే పిలుచుకో.

ఇప్పుడేమో రెండడుగుల ఇత్తడి విగ్రహం ఆన్‌లైన్లో తెప్పిస్తానంటున్నావట. ఆగు. ఇంట్లో పూజించే విగ్రహానికి మత్స్యపురాణం కొలత చెప్పింది. బొటనవేలి కణుపంత మొదలుకొని జానెడు వరకే. అంతకు మించితే ఇంటికి తగదంది. ఎందుకన్నారో నాకు తోచింది చెప్తా. పెద్ద విగ్రహానికి పెద్ద సేవ కావాలి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉందిగా, బైకు మీద పోయి ఫోటోలు దిగి వస్తారుగా మీరంతా. 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది. ఆ కాలపు శాసనాలు వేయించినవాళ్ళు గుడి కట్టామని చెప్పి ఊరుకోలేదు. దీపానికి, నైవేద్యానికి ఇదుగో ఈ పొలం అని రాళ్ళమీద చెక్కించారు. అంటే దేవుణ్ణి నిలబెట్టినప్పుడే రేపటి దీపంలో నూనె ఎవరు పోస్తారో తేల్చుకున్నారన్నమాట. మరి నీ రెండడుగుల స్వామికి ఎవరు పోస్తారు? నువ్వు తెల్లారకముందే హైదరాబాదు బస్సెక్కుతావు. నీ భార్యకు బడి ఉద్యోగం. ఇక మిగిలింది మీ అమ్మ. ఆ మోకాళ్ళ నొప్పులతో పీటేసుకుని కూర్చుని ముప్పై పటాలు తుడవాలి, ముప్పైకీ బొట్లు పెట్టాలి, ఇత్తడివన్నీ చింతపండుతో తోమాలి. భక్తి నీది, చాకిరీ ఆమెది. ఇది నాకు నచ్చలేదు. మొహమాటం లేకుండా చెప్తున్నా.

ఇక భయాల సంగతి. ఫోన్లో ఎవరో ఏదో చెప్తారు, నీకు రాత్రంతా నిద్ర ఉండదు. రెండు లింగాలు, రెండు శంఖాలు, ముగ్గురు వినాయకులు ఒకే ఇంట్లో పూజలో ఉండొద్దని ఆచార గ్రంథాల్లో ఉంది, కాదనను. ఉంటే ఏం చేయాలి? ఒకటి ఉంచుకో, మిగతావి రోజూ పూజ చేసుకునేవాళ్ళకు ఇచ్చెయ్యి. దానికింత గుండెదడ దేనికి? నరసింహస్వామి ఉగ్రమూర్తి, ఇంట్లో పెట్టొద్దని కూడా అంటారు. మన ప్రాంతమంతా ఆయనదే కదయ్యా! మట్టపల్లిలో ఆయనే, వాడపల్లిలో ఆయనే, గుట్టమీద ఆయనే. నర్సింహ, యాదగిరి అనే పేర్లు వినపడని వాడ మన దగ్గర ఉందా? హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న రూపం ఇంటికి వద్దని పెద్దల మాట. ఒళ్ళో లక్ష్మిని కూర్చోబెట్టుకున్న స్వామికి ఏ ఇల్లూ తలుపు వేయలేదు. భయం లేని భక్తి చూడాలంటే, జాన్‌పహాడ్ దర్గాలో సైదులుకు మొక్కుకుని కొడుక్కి ఆ పేరే పెట్టుకున్న ఇండ్లు కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఎన్ని లేవు? వాళ్ళు స్వామికీ దండం పెడతారు, సైదులుకూ పెడతారు, హాయిగా నిద్రపోతారు.

వాడపల్లి అంటే గుర్తొచ్చింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఆ చోట, గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎదుట ఉన్న దీపం కదులుతుంటుంది, కిందిది కదలదు. పైదానికి స్వామి ఊపిరి తగులుతుందని నమ్మకం. ఊపిరి ఉందని నమ్మినవాణ్ణి ఆరునెలల దుమ్ములో ఉంచుతామా? నా బాధంతా అదే.

పటం అద్దం పగిలితే కీడని కళ్ళనీళ్ళు పెట్టుకోకు. మేకు వదులైంది, పడింది. అద్దం మార్పించు. విగ్రహానికి చెయ్యో ముక్కో విరిగితే మాత్రం పూజలో ఉంచకుండా నీళ్ళలో కలపమన్నారు. సాలగ్రామానికి ఆ పట్టింపు లేదు, పగిలినా పూజకు పనికొస్తుంది. కానీ దానికి రోజూ అభిషేకం, నైవేద్యం తప్పకూడదంటారు. అందుకని ముక్తినాథ్ పోయొచ్చినవాళ్ళు సాలగ్రామం ఇచ్చారు కదా అని ఊరికే చెయ్యి చాపకు. తీసుకున్నవాడికే ఆ పని.

నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇంకొకటుంది. పాత పటాలన్నీ సంచిలో వేసుకుపోయి గుడి వెనక రావిచెట్టు కింద పెట్టి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తున్నారు. వానకు తడిసి, ఎండకు పెచ్చులూడి, అద్దాలు పగిలి పడుంటాయి. చెట్టుచుట్టూ తిరిగే ఆడవాళ్ళ కాళ్ళలో గాజుపెంకులు. హైవే మీద మూసీ వంతెన దగ్గర కారాపి సంచి విసిరేవాళ్ళు వేరే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దేవుడు, సంచిలో వేయగానే చెత్తా?

ఒకప్పుడు పటం ఒక్కటుంటే ఎంత అపురూపమో నీకు తెలియదు. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు కార్ఖానా పెట్టాక దేవుళ్ళు కాగితమెక్కి ఇల్లిల్లూ చేరడం ఎక్కువైంది. గుడి గడప తొక్కనివ్వని వాళ్ళ ఇళ్ళలోకి కూడా లక్ష్మీ సరస్వతులు వచ్చి కూర్చున్నారు. అది చిన్న సంగతి కాదు బిడ్డా. తర్వాత శివకాశి క్యాలెండర్లు వచ్చాయి. ఇప్పుడు పెండ్లికార్డు మీద, అగరుబత్తి డబ్బా మీద, బియ్యం సంచి మీద ఎక్కడ చూసినా దేవుడే. ఎన్నని దాచుకుంటావు, ఎన్నని పారేస్తావు? నీ కూతురి ఓణీల పండుగకు రిటర్న్ గిఫ్టుగా దేవుడి బొమ్మలు మాత్రం పంచకు. నీకున్న తిప్పలు నూరిళ్ళకు పంచినట్టవుతుంది.

పాత పటం తీసేయాలా? దాని ముందు దీపం పెట్టు. ఇన్నాళ్ళు కాపాడావు, పోయిరా స్వామీ అని దండం పెట్టు. చవితి వినాయకుడికి ఉద్వాసన చెప్పి కదిలిస్తాం కదా, అదే మర్యాద. తర్వాత అద్దం, చట్రం విడదీసి, కాగితాన్ని బకెట్లో నానబెట్టి చెట్టు మొదట్లో పొయ్యి. ఇత్తడివీ రాగివీ పోతపోసేవాళ్ళకివ్వు, ఇంకొకరింట్లో దీపపు సెమ్మె అవుతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మలు మాత్రం నీళ్ళలో కరగవు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా వాటిని వద్దంది. అది కొనకముందు ఆలోచించాల్సిన మాట.

అమెరికాలో కొడుకు దగ్గరికి ఆరునెలలు పోతున్నాం, దేవుడికి నైవేద్యం ఎట్లా అని మొన్న మీ చిన్నమ్మ దిగులుపడింది. అక్కకో అన్నకో పెట్టెతో సహా అప్పగించి పొమ్మన్నా. పెట్టెలో దేవుడుండటం మనకు కొత్తా? రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు కేసారం నుంచి దేవరపెట్టె కదిలితేనే కదా లింగమంతుల స్వామి పండుగ మొదలయ్యేది. ఆ పెట్టెకు ఒక ఊరుంది, నెత్తిన మోసేవాళ్ళున్నారు, కదలాల్సిన వేళ ఉంది. చూసుకునేవాళ్ళుంటే పెట్టె అయినా గుడే.

ఇన్ని పటాల సందడిలో నువ్వు అడగడం మరిచింది ఒకటుంది. మీ ఇలవేల్పు ఎవరో నీకు తెలుసా? పాత ఇల్లు విప్పేటప్పుడు గూట్లోంచి మేస్త్రీ ఒక రాయి తీసి పక్కన పెట్టాడట, పసుపు పట్టి పట్టి నల్లబడ్డ రాయి. అది ఎల్లమ్మో, పోచమ్మో, ఏ వారం కొలిచేవాళ్ళో, ఏం వండిపెట్టేవాళ్ళో మీ నాయనమ్మ ఒక్కతికే తెలుసు. ఆదివారం ఊరికి పోతున్నావు కదా, ఫోన్ జేబులో పెట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చుని అడుగు. చెప్పిందే చెప్తుంది, విసుక్కోకు. ఒక కాగితం మీద రాసుకో. మీ అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో, పెండ్లైన కొత్తలో అత్త చెప్పినవి ఆమెకూ కొన్ని గుర్తుంటాయి.